పాఠంలో రెండో సగం

జులై 6

అక్కా,

ఫోన్ చెయ్యలేదని తిట్టకు. పోయినసారి చేస్తే నా అరుపులు మా మెట్ల మీద పోయేవాళ్లందరికీ వినపడ్డాయి, నీకు తప్ప. నీ చెవులు పూర్తిగా సెలవు తీసుకున్నాయని మీ వంటావిడ చెప్పింది. అందుకే మళ్లీ ఉత్తరాలకు దిగాను.

కంపెనీ వదిలేశాను. ముప్ఫై ఏళ్లుగా డిపోలూ లారీలూ చూసుకున్నవాడిని, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చెబుతున్నాను. అదేం చదువురా అంటావు. సరుకు పుట్టిన చోటు నుంచి వాడేవాడి చేతికి చేరేదాకా ఉన్న దారంతా చూసుకోవడం. ఎక్కడ ఎంత ఉంచాలి, ఎప్పుడు కదపాలి, ఎవరికి ముందుగా చెప్పాలి. ఇన్నాళ్లూ చేసిన పనే. చెప్పడం మాత్రం రావడం లేదు.

మొదటి క్లాసులో నా అనుభవమంతా బొమ్మలు చేసి తెర మీద వేశాను. సగం మంది ఫోన్లు చూసుకున్నారు. మిగతా సగం ఆ ఫోన్లు చూసుకునేవాళ్లను చూశారు. వారం తిరక్కుండా పేరు కూడా పెట్టారు: లారీ మాస్టారు.

ఉద్యోగం ఇంకా నాది కాలేదు. నవంబరులో శాఖాధిపతి మేడమ్ నా క్లాసులో కూర్చుని, పనికొస్తానో లేదో తేలుస్తుంది. నా పాత కుర్చీ అప్పటిదాకా ఎవరికీ ఇవ్వనని కంపెనీ యజమాని అన్నాడు. మీ మరదలు నా కంపెనీ కోటు ఇస్త్రీ చేయించి తలుపు వెనకాల తగిలించింది. పొద్దున లేవగానే అదే కనపడుతుంది. వెనక్కి వెళ్లాలని లేదక్కా. తెలిసిన నాలుగు ముక్కలూ నా దగ్గరే నిల్వ ఉండిపోవడం ఇష్టం లేదు.

నువ్వు మందిరంలో ప్రసంగానికి నిలబడితే మైకు లేకుండా రెండేసి గంటలు జనాన్ని కూర్చోబెడతావు. ఎలాగో రాయి.

నీ తమ్ముడు

* * *

జులై 15

చిన్నోడా,

కునుకు తియ్యని కాపరి నీ గుమ్మం ముందు కావలి ఉండుగాక.

నా చెవులు సెలవు తీసుకోలేదు. వినాల్సిందంతా విని విరమించాయి. ఇప్పుడు నాతో పనిపడ్డ వాళ్లంతా పలక మీద రాసి చూపిస్తున్నారు. దాంతో అబద్ధాలు తగ్గాయి. రాయడం బద్ధకం కదా.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను బడికి పోయింది అక్షరాలు గుర్తుపట్టేదాకానే. ఆ తర్వాత నాకు చెప్పినవాళ్లు లేరు. దేవుడి వాక్యమూ నేనూ ఎదురెదురుగా కూర్చుని కుస్తీ పట్టాం, ఇప్పటికీ పడుతున్నాం. ఆ కుస్తీలో నేర్చుకున్నది విను.

ముందు ఆ తెర తీసెయ్. నిప్పు తెచ్చినవాడు నిప్పు బొమ్మ చూపిస్తాడా? చేతిలో ఒక వస్తువు పట్టుకో. ప్రవక్తలు జనం ముందు కుండ పగలగొట్టారు, మెడకు కాడి తగిలించుకున్నారు. తోచక కాదు. మనిషికి చెవుల కంటే ముందు కళ్లు వింటాయి. ఒక్క మాట చెప్పు, రెండు వద్దు. అది అబద్ధమైతే నాలుక కాలిపోతుందన్నట్టు చెప్పు. "అయితే", "గాని", "ఒకవేళ" అని ముగ్గురున్నారు, వాళ్లను గొడుగుతో పాటు గుమ్మం బయట వదిలి లోపలికి పో. నులివెచ్చని నీళ్లు దేవుడికే సయించలేదు, ఉమ్మేశాడు. నీ పిల్లలకు సయిస్తాయా?

ఇక్కడ మందిరంలో ముసలివాళ్లకు పెట్టే మధ్యాహ్నపు బంతి ఎప్పటిలాగే సాగుతోంది. వస్తారు, తింటారు, ఉప్పు తక్కువైందని నన్ను తిడతారు, పోతారు. కోశాధికారికే నిద్ర పట్టడం లేదు. కొట్టుగది తెరిచినప్పుడల్లా పిండిలో పురుగును వేలితో తీసి నా కళ్ల ముందు పెడతాడు. పురుగుకైనా ఆకలి ఉండదా అంటాను.

ఆ కోటు పెట్టెలో పెట్టమను. నాగలి మీద చెయ్యి వేసినవాడు వెనక్కి చూడకూడదు.

నీ కోసం మోకాళ్ల మీద ఉన్న
అక్క

* * *

ఆగస్టు 4

అక్కా,

నీ మందు పనిచేసింది.

కంపెనీ సబ్బుల పెట్టె ఒకటి ఇంట్లో పడి ఉంటే తీసుకెళ్లి క్లాసులో బల్ల మీద పెట్టాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గంట కొట్టబోయే ముందు అడిగాను.

"ఇంతసేపూ ఈ పెట్టె ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు సార్."

"దీనికేం కావాలి?"

"బల్ల." "పైన కప్పు." "కాపలావాడు సార్." "కాపలావాడు నిద్రపోతే ఎలకలకి పిల్లి!" అని ఎవడో అన్నాడు. నవ్వారు.

"మరి ఇది ఇక్కడెందుకుంది?"

అప్పుడు బల్ల మీద గుద్దాను. "మనకు భయం కాబట్టి ఉంది! గోదాం అంటే భయానికి కట్టిన ఇల్లు. నిల్వ పాపం!"

అక్కా, చప్పట్లు కొట్టారు. తర్వాతి క్లాసుకు పక్క శాఖవాళ్లు కూడా వచ్చి, చోటు లేక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఇంటికొచ్చి ఇదంతా చెబితే మీ మరదలు కోటు వైపు చూసింది.

ఆ ఉపన్యాసం మొత్తం రాసి దీంతో పెడుతున్నాను. ఎక్కడ తడబడ్డానో చూడు. మిగతా పాఠం సెలవుల తర్వాత చెబుతాను.

నీ తమ్ముడు

* * *

ఆగస్టు 16

చిన్నోడా,

ఎడారిలో బల్ల పరిచినవాడి చెయ్యి నీ మీద ఉండుగాక!

ఇది నీకు ఎవరు చెప్పార్రా? నిజం చెప్పు. చిన్నప్పటి నుంచీ ప్రార్థనంటే పక్కింటికి పారిపోయినవాడివి, నీ నోట ఈ మాట ఎలా వచ్చింది? ఎడారిలో తిరిగేవాళ్లకు పొద్దున్నే ఆకాశం నుంచి తిండి రాలింది, మన్నా అంటారు. దేవుడు ఏ రోజుది ఆ రోజు తినమన్నాడు. రేపటికని దాచుకున్నవాళ్లకు తెల్లారేసరికి పురుగుపట్టి కంపు కొట్టింది. భయపడి దాచారు. నువ్వు చెప్పిందీ అదే. కోశాధికారి వేలి మీద నాకు రోజూ కనపడుతున్నదీ అదే!

ఆదివారం నీ ఉపన్యాసం చదివి వినిపించాను. "మా తమ్ముడు, విశ్వవిద్యాలయంలో పెద్ద చదువు చెప్పేవాడు" అని మరీ చెప్పాను. ఆమేన్‌లతో కప్పు ఎగిరిపోయిందని వంటావిడ పలక మీద రాసింది.

నా మనసులో ఒకటి పడింది. కొట్టుగది ఖాళీ చేసేస్తాను. ఉన్న పిండీ పప్పూ నూనే చుట్టుపక్కల ఇళ్లకు పంచిపెట్టేస్తాను. ఇకనుంచి సరుకుల వ్యాన్ రోజూ పొద్దున వస్తుంది, వచ్చింది వండుతాం. ఆ గది ప్రార్థనకు పనికొస్తుంది. వంటావిడ ఏడుస్తోంది. ఆవిడకు విశ్వాసం పప్పుగిన్నె అడుగుదాకానే.

నీకెలా తోస్తుందో రాయి. నీ మాట వచ్చేదాకా తలుపు తియ్యను.

అక్క

* * *

ఆగస్టు 17

అక్కా,

నీ జవాబు రాకుండానే రాస్తున్నాను, ఆపుకోలేక.

నిన్న శాఖాధిపతి మేడమ్ వరండాలో పోతూ నా గుమ్మం దగ్గర ఆగి కాసేపు విన్నది. సరిగ్గా అప్పుడే, ముందు వరసలో ఎప్పుడూ తల వంచుకుని రాసుకునే అమ్మాయి లేచి, "సార్, లారీ రాకపోతే?" అంది. అంతలో నువ్వు గుర్తొచ్చావు. చెయ్యెత్తి "వస్తుంది!" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది.

నీ దారే సరైందక్కా. అనుమానం పెట్టుకోవద్దు. నాగలి మీద చెయ్యి వేశాక వెనక్కి చూడకూడదన్నావే, ఆ మాట నీకే తిరిగి అప్పజెబుతున్నాను.

నీ తమ్ముడు

* * *

ఆగస్టు 29

అక్కా,

పదహారో తారీఖున నువ్వు రాసింది ఊరంతా తిరిగి ఈరోజు చేరింది. కొట్టుగది ఖాళీ చెయ్యొద్దు. నా పదిహేడో తారీఖు ఉత్తరం నీ ప్రశ్నకు జవాబు కాదు. అది రాసేటప్పటికి నీ ఆలోచన నాకు తెలియనే తెలియదు.

నేను పంపింది పాఠంలో మొదటి సగమే. రెండో సగం సేఫ్టీ స్టాక్. దారి మూసుకుపోయినప్పుడు ఆదుకోవడానికి పక్కన పెట్టుకునే సరుకు. కంపెనీకి లారీ ఆలస్యమైతే దుకాణంలో ఒక అర ఖాళీగా కనపడుతుంది. మీ బంతికి ఆలస్యమైతే ఖాళీగా ఉండేది అర కాదు.

వెంటనే రాయి.

తమ్ముడు

* * *

సెప్టెంబరు 9

చిన్నోడా,

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. మొదటిది నిప్పు, రెండోది నీళ్లు. నిప్పు ముందొచ్చింది. ఆ ఆదివారమే గది ఖాళీ అయింది, సున్నం కూడా వేశాం.

జవాబు కాదంటావు. గాడిద నోట మాట పలికించిన దేవుడికి నీ ఉత్తరంలో పలికించడం ఒక లెక్కా?

నాకు అర్థమైంది. నిన్నెవరో బెదిరించారు. గుమ్మం దగ్గర ఆగిన ఆ మేడమ్మా, కుర్చీ పట్టుకుని కూర్చున్న ఆ యజమానా? ఉద్యోగం పోతుందని మాట మార్చావు. కోడి కూయకముందే మాట మార్చినవాళ్లు నీ కంటే గొప్పవాళ్లలోనే ఉన్నారు, నిన్ను తప్పుపట్టను. కానీ నువ్వు నీ మాట తప్పినా, నేను నీ మాట తప్పను.

ఒక్కటడుగుతాను. ఆ రెండో సగం నీ పిల్లలకు చెప్పావా? చెప్పి ఉంటే అలాగని రాయి, రేపే బస్తాలు దింపిస్తాను.

అక్క

* * *

సెప్టెంబరు 21

అక్కకు,

నన్నెవరూ బెదిరించలేదు. పిల్లలకు చెప్పలేదు, నిజమే. సెలవులైపోయాయి, మొదలుపెట్టాల్సింది. గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు నిప్పు కోసం వస్తున్నారు. వాళ్ల ముందు "అయితే", "ఒకవేళ" అంటే నవంబరు నాటికి మళ్లీ ఫోన్లు బయటికొస్తాయి. అప్పుడు ఆ కోటు నేనే వేసుకోవాలి. ఇందులో నా లెక్కలు నాకున్నాయి.

నీతో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. నీ మందిరం నీది, నా క్లాసు నాది.

తమ్ముడు

* * *

అక్టోబరు 20

తమ్ముడూ,

పోయిన వారం వాన పట్టుకుని వదల్లేదు. వంతెన మీదికి నీళ్లొచ్చాయి. సరుకుల వ్యాన్ అవతలే ఆగిపోయింది. ముసలివాళ్లంతా ఇవతలివాళ్లే. తడుస్తూ వచ్చి కంచాల ముందు కూర్చున్నారు. వంటావిడ నీళ్లు కాగబెట్టి నా వైపు చూసింది.

నేను లేచి వాక్యం చెప్పాను. కరువులో ప్రవక్తకు కాకులు రొట్టె తెచ్చిన సంగతి. బాగా చెప్పాను. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆపాక తాపీమేస్త్రీ పెద్దాయన తన కంచం బోర్లించాడు. నీకు తెలియదు, మందిరం గోడలు కట్టింది ఆయనే, నోట్లో ఒక్క పన్ను లేదు. ఏదో అన్నాడు. ఏమన్నాడని వంటావిడను అడిగితే చెప్పనని తల అడ్డంగా ఊపింది. పలక ఆవిడ ఒళ్లో పెట్టాను. రాసింది: "మాట బాగుందమ్మా. నమలడానికే ఏమీ లేదు."

ఆ తర్వాత వంటావిడ నన్నేమీ అడగలేదు. గోనెసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. నేను పంచిన పిండీ పప్పూ కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఇచ్చారు. కొందరు తలుపు తియ్యలేదు. దీపాలు పెట్టే వేళకు వడ్డించాం. అప్పటికి కొన్ని కంచాల ముందు మనుషులు లేరు. పెద్దాయన ఆ రోజు వెళ్లినవాడు మళ్లీ రాలేదు. నేను మందిరం తలుపు తీసిన నాటి నుంచి అక్కడ కూర్చున్నవాడు ఆకలితో లేవడం ఇదే మొదటిసారి.

ఏడేళ్ల పంటను ఏడేళ్ల కరువు కోసం కొట్లలో పోయించినవాడి సంగతి కూడా వాక్యంలోనే ఉంది. నాకు తెలియక కాదు. నీ ఉపన్యాసం చదివిన వారం నాకు మన్నా కావలసి వచ్చింది. కొట్లు కనపడలేదు.

శంఖం సంగతి. నేను చెవిటిదాన్నే. కానీ నువ్వు ఊదింది కూడా సగమే కదరా. గొడుగు బయట పెట్టమన్నదీ నేనే. ఆ రెండో సగం పూర్తిగా రాసి పంపు.

అక్క

* * *

నవంబరు 25

అక్కా,

శంఖం మాట వెనక్కి తీసుకుంటే పోయేది కాదు. అయినా తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం చాలా రోజులు చొక్కా జేబులోనే తిరిగింది. మేడమ్ వచ్చే రోజు వచ్చింది. అందరూ పెట్టె కోసం చూస్తున్నారు. ఆరోజు ఎండ ఫెళ్లున కాస్తోంది. నేను గొడుగు పట్టుకుని లోపలికి వెళ్లాను. మడిచి బల్ల మీద పెట్టాను.

"ఇది ఈరోజు ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు సార్!" అందరూ ఒక్కసారే.

"రేపు తెమ్మంటారా, వద్దా?"

సగం మంది తెమ్మన్నారు, సగం మంది వద్దన్నారు. "వానొస్తే తెండి సార్" అని వెనకనుంచి ఒకడు. "వానొచ్చాక ఇంటికెళ్లి తెచ్చుకోనా?" అన్నాను. కాస్త నవ్వారు, అంతే. అప్పుడు చెప్పాను: "ఇన్నాళ్లూ నేను మీకు సగం పాఠం చెప్పాను. అది తప్పు కాదు, కానీ సగం. ఆ సగాన్ని నమ్మి ఒక వంటిల్లు కొట్టుగది ఖాళీ చేసింది. లారీ రాలేదు." నీ పేరు చెప్పలేదు. పెద్దాయన కంచం గురించి, వంటావిడ ఇల్లిల్లూ తిరగడం గురించి చెప్పాను. తర్వాత ఎంత ఉంచాలి, ఎందుకు, ఎప్పుడు తగ్గించాలి అని మొదలుపెట్టాను. అన్నీ "అయితే"లూ "ఒకవేళ"లూ. గోడకు ఆనుకున్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. రెండు ఫోన్లు బయటికొచ్చాయి. ముందు వరస అమ్మాయి మాత్రం మళ్లీ లేచింది. "సార్, ఆ సరుకు ఇళ్లలోనే ఉంచి ఉంటే? అందరూ తలుపు తీస్తారని ముందే మాట తీసుకుని?" ఈసారి చెయ్యెత్తలేదు. "తెలియదమ్మా, లెక్క వేసి చూద్దాం" అన్నాను. గంట కొట్టేదాకా వేశాం. తేలలేదు.

తర్వాత మేడమ్ గదికి పిలిచింది. "ఆ రోజు గుమ్మంలోంచి ఆ పిల్ల ప్రశ్న విన్నాను, మీ జవాబూ విన్నాను. వెళ్లి కాగితం మీద వద్దు అని రాసుకున్నాను."

"ఈరోజు చూశాక?"

"అది కొట్టేశాను."

"అంటే ఉంచుతున్నట్టా అండీ?"

"కొట్టేశానన్నాను. సరే అని ఇంకా రాయలేదు. ఇంకో ఏడాది చెప్పండి, చూద్దాం."

యజమానికి ఆ కుర్చీ వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పేశాను. మీ మరదలికి ఎలా చెప్పాలా అనుకుంటూ ఇంటికెళ్లాను. మాట పూర్తిగా విని, కోటు తీసి తనే తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి, "నాకే బాగుంది" అంది.

ఇక నీ రెండో సగం. ఆ వ్యాన్ ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్లు ఆగిపోయిందో గుర్తు చేసుకో. అన్నాళ్లకు సరిపడా ఉంచు. దానికి మించి ఉంచితే కోశాధికారి వేలి మీద మళ్లీ పురుగే. కొత్తది వెనక పెట్టు, పాతది ముందు వండు. పురుగుకు తీరిక దొరకదు. ఒకవేళ దొరికితే వంటావిడను అడుగు, నన్ను కాదు.

నీ తమ్ముడు

* * *

డిసెంబరు 8

చిన్నోడా,

నీ గొడుగు మీద ఎండా వానా సమంగా పడుగాక.

కొట్టుగదిలో మళ్లీ అరలు లేచాయి. సగం గది పిండికి, సగం ప్రార్థనకు. పాత పిండి ముందుకు, కొత్తది వెనక్కి. కోశాధికారి రోజూ వెతుకుతున్నాడు, వేలు ఖాళీగా వస్తోంది. మనిషి కాస్త దిగులుపడ్డాడు. ఆ పిల్ల ప్రశ్న వంటావిడకు చదివి వినిపించాను. "నాకు తలుపు తీసిన ఇళ్లేవో తెలుసు, తియ్యనివీ తెలుసు" అని రాసింది. ఆ పిల్లకు కావాలంటే చెబుతుందట.

పెద్దాయన ఇంటికి నేనే పోయాను, కంచం నిండా పెట్టుకుని. తలుపు తీశాడు. నిలబడే నాలుగు ముద్దలు తిని పలక అందుకున్నాడు. క్షమించానని రాస్తాడనుకున్నాను. "ఉప్పు తక్కువైంది" అని రాశాడు. మర్నాడు బంతికి వచ్చాడు.

మొన్న ఆదివారం మన్నా గురించీ కొట్ల గురించీ కలిపి ఒకే ప్రసంగం చెప్పాను. రెండూ ఒకే దేవుడు చెప్పినవే, ఏది ఎప్పుడో తెలుసుకోవడం మన పని అన్నాను. "అయితే" అన్న మాట ప్రసంగం బల్ల వెనక నిలబడి అనడం నాకు ఇదే మొదలు. నాలుక తడబడింది. ఒక్క ఆమేన్ కూడా రాలేదని వంటావిడ రాసి చూపించింది. ఇంకో సంగతి, ఈసారి భోజనాలు ముందు పెట్టి ప్రసంగం తర్వాత పెట్టాను.

మధ్యలో ఇద్దరు నిద్రపోయారు. అందులో పెద్దాయన ఒకడు, నోరు తెరుచుకుని. ఇదివరకైతే బల్ల గుద్ది లేపేదాన్ని. తిని పడుకున్నాడు కదా అని గొంతు తగ్గించుకున్నాను. తగ్గిందో లేదో నాకెలాగూ తెలియదు. ఆయన మాత్రం లేవలేదు.

అక్క